ఆఫీసులో మార్పు, మన గ్రూపు, మన బీపీ: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత జిల్లాల లెక్కలో కర్నూలు, అనంతపురం, కడప. ఈ మూడింట్లో ఉద్యోగుల మీటింగులో మాట్లాడమని నన్ను ఎక్కడికి పిలిచినా చివర్లో చీటీల మీద వచ్చే ప్రశ్నలు ఇంచుమించు అవే. శాఖ మారుతుంది, ఊరు మారుతుంది, సందేహం మాత్రం మారదు. అందులో వింతేమీ లేదు. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో కలిశారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు పుట్టాయి. 2025 మే 1న గ్రామీణ బ్యాంకులన్నీ ఒక్కటయ్యాయి. ఒక్కో మార్పుకూ వేల మంది బల్లలు, బాసులు, పక్కసీటు మనుషులు మారిపోయారు. ఈ మార్పులు తెచ్చే ఒత్తిడి గురించి ఎక్కువ సార్లు వచ్చిన ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. ఏది కావాలంటే అది చదువుకోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు.

## మార్పు వస్తోందని తెలిసినప్పుడు

ఇంకా ఆర్డరే రాలేదు, అప్పుడే నిద్ర పట్టడం లేదు. నాకేమైనా జబ్బా?

జబ్బు కాదు. రాబోయే మార్పు, వచ్చేసిన మార్పు కంటే ఎక్కువ పీక్కుతినడం మామూలే. లండన్‌లోని ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యాన్ని 1985 నుంచి ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన అధ్యయనం ఒకటుంది, వైట్‌హాల్ రెండో అధ్యయనం అంటారు. దాని మధ్యలో ఒక శాఖను ప్రైవేటుకు అప్పగించబోతున్నారన్న కబురు పొక్కింది. అప్పటికి ఎవరి ఉద్యోగమూ పోలేదు. అయినా ఆ శాఖలోని మగవాళ్లు తమ ఆరోగ్యం దెబ్బతిన్నదని మిగతా శాఖల వాళ్లకంటే ఎక్కువగా చెప్పారు. తేదీ తెలిసిన కష్టానికి మనిషి సిద్ధపడతాడు. తేదీ తెలియనిదానికి ఒళ్లు రోజూ సిద్ధంగా ఉండాల్సిందే. తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం, తిన్నది అరగకపోవడం అందుకే.

ఒక కాగితం తీసుకుని "నాకు నంద్యాల పడితే" అని పైన రాయండి. కింద పిల్లల బడి, అమ్మ మందులు, లోను కంతు, రోజూ తిరిగితే బస్సు వేళలు రాయండి. ఊరికే మనసులో తిరిగే భయం కాగితం మీదికి వస్తే నాలుగు పనులుగా విడిపోతుంది. వాటిలో రెండు ఇప్పుడే మొదలుపెట్టగలిగినవై ఉంటాయి.

వాట్సాప్ గ్రూపులో రోజుకో లిస్టు వస్తాంది. నమ్మాల్నా వద్దా?

ఆర్‌సీ నంబరు (ఆఫీసు ఫైలు నంబరు), తేదీ, సంతకం లేనిది లిస్టు కాదు. పైవాళ్లు నోరు విప్పనంత కాలం ఇలాంటివి పుడుతూనే ఉంటాయి. మీరు ఆఫీసరైతే "ఇంకా తేలలేదు, శుక్రవారం సాయంత్రం తెలిసినంత చెప్తాను" అన్న ఒక్క మాట కూడా పనిచేస్తుంది. శుక్రవారం చెప్పడానికి ఏమీ లేకపోయినా మనుషుల ముందుకు వచ్చి ఆ మాటే చెప్పాలి.

మమ్మల్ని అడక్కుండానే షిఫ్టులు, పని గంటలు మార్చొచ్చునా?

ఫ్యాక్టరీ, మిల్లు, ప్రైవేటు సంస్థల్లో కార్మికులకైతే చెప్పాపెట్టకుండా మార్చకూడదు. జీతం, అలవెన్సులు, పని గంటలు, విరామం, షిఫ్టుల పద్ధతి, సెలవుల వంటివి మార్చే ముందు యాజమాన్యం 21 రోజుల నోటీసు ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షన్‌లో ఉన్న నియమమే ఇది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 40వ సెక్షన్‌గా కొనసాగుతోంది. యూనియన్‌తో ఒప్పందం మీద చేసిన మార్పుల వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. సర్వీసు రూల్స్ కింద ఉండే ప్రభుత్వోద్యోగులకు ఇది వర్తించదు, వాళ్లకు వాళ్ల రూల్సే ఆధారం.

చట్టం సంగతి అటుంచితే, ఈ 21 రోజులు ఒత్తిడి తగ్గించే సాధనం కూడా. రాత్రి షిఫ్టు పడితే ఇంట్లో ముసలివాళ్లను ఎవరు చూస్తారో తేల్చుకోవడానికి మనిషికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

"అందరినీ అడుగుతా కూర్చుంటే పని తెమలదు" అంటాడు మా మేనేజరు. అడిగితే నిజంగా లాభముందా?

ఉంది, అదీ లెక్కల్లో కనిపించేంత ఉంది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మేరియన్ అనే ఊళ్లో పైజామాలు కుట్టే హార్వుడ్ ఫ్యాక్టరీ ఉండేది. పీసు రేటు మీద పని, అంటే కుట్టినదాన్ని బట్టి డబ్బు. పద్ధతి మార్చిన ప్రతిసారీ కుట్టేవాళ్లు అలిగేవాళ్లు, ఉత్పత్తి పడిపోయేది, కొందరు మానేసేవాళ్లు. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు దీన్ని పరీక్షకు పెట్టి 1948లో ఫలితాలు అచ్చు వేశారు. ఒక జట్టుకు కొత్త పద్ధతి, కొత్త రేటు చెప్పి పంపేశారు. ఇంకో జట్టు తరఫున కొందరు ప్రతినిధులను పిలిచి మాట్లాడారు. మరో రెండు జట్లలో అందరినీ కూర్చోబెట్టి, ఎందుకు మార్చాలి, ఎక్కడ సమయం పోతోంది, రేటు ఎలా కట్టాలి అన్నవి వాళ్లతోనే తేల్పించారు. చెప్పి పంపేసిన జట్టులో ఉత్పత్తి పడి మళ్లీ లేవలేదు, మొదటి 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. అందరూ కూర్చున్న జట్లు కొద్ది రోజుల్లోనే కోలుకుని పాత స్థాయికి సుమారు 14 శాతం పైకి పోయాయి. వాటిలో ఒక్కరూ మానలేదు.

ఇది మనకు పనికిరాదనుకోవద్దు. బేతంచెర్లలోనో తాడిపత్రిలోనో బండల పాలిషింగు యూనిట్‌లో మెషీన్ల వరస మార్చేటప్పుడు ఎక్కడ తిప్పుకోవడానికి చోటు చాలదో బండ మోసేవాడికి తెలిసినట్టు ప్లాను గీసినవాడికి తెలియదు. అతన్ని అడగడానికి పట్టేది ఒక పూట. అయితే ఒక షరతు: ముందే అంతా నిర్ణయించేసి అడిగినట్టు నటించేదానికి బదులు అడక్కపోవడమే నయం. ఆ నాటకం జనం ఇట్టే పసిగడతారు, తర్వాత నిజంగా అడిగినా నోరు విప్పరు.

## మార్పు మొదలైన తొలి నెలల్లో

పని కొంచెమే పెరిగింది, కానీ ఇంటికొచ్చేసరికి ప్రాణం లేనట్టు ఉంటుంది. ఎందుకిట్ల?

ఎంత పని అన్నది సగం లెక్కే. ఆ పని మీద మీ చేతిలో ఎంత ఉంది అన్నది మిగతా సగం. రాబర్ట్ కరాసెక్ 1979లో చెప్పింది ఇదే: పని భారం ఎక్కువై, దాన్ని ఎప్పుడు ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువైనప్పుడు ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ. అదే భారం ఉన్నా పట్టు తన చేతిలో ఉన్నవాడు అలసిపోతాడు కానీ నలిగిపోడు.

కండక్టరును చూడండి. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు వచ్చాక పల్లె రూట్లలో రద్దీ పెరిగింది. డబ్బు తీసుకోకపోయినా ప్రతి ఒక్కరికీ సున్నా టికెట్టు కొట్టాలి, కార్డు చూడాలి. సంచిలో అడుగున ఎక్కడో ఉన్న ఆధార్ బయటికి వచ్చేదాకా ఆగాలి. ఈలోగా వెనకనుంచి ఒకరు "స్టేజీ దాటిపోయింది" అని అరుస్తారు, ముందు మెట్ల మీద ఇద్దరు వేలాడుతుంటారు. ఎంతమంది ఎక్కాలో ఆయన చేతిలో లేదు, బస్సు ఎన్ని నిమిషాల్లో చేరాలో కూడా లేదు. ఇలాంటి చోట పెద్ద సంస్కరణలకంటే చిన్న వెసులుబాటు ఎక్కువ పనిచేస్తుంది. రద్దీ ట్రిప్పులకు స్టాండులోనే, బస్సు కదలకముందే టికెట్లు కొట్టుకునేందుకు అదనంగా కొన్ని నిమిషాలు ఇస్తే ఆ మేరకు పట్టు మళ్లీ ఆయన చేతికి వస్తుంది. మీ పనిలో అలాంటి వెసులుబాటు ఏది అని ఆలోచించి, ఆ ఒక్కటే అడగండి. "పని తగ్గించండి" అని అడిగితే వచ్చే జవాబు మీకు తెలిసిందే.

పాత ఆఫీసులో ఎంత పని చేసినా తెలిసేది కాదు. ఇక్కడికి ఒక్కణ్ణే పంపినారు, తల ప్రాణం తోకకొస్తాంది.

మీతోపాటు రానిది మీ గ్రూపు. ఇంగ్లండులోని బొగ్గు గనుల్లో ఇదే జరిగింది. అక్కడ కొద్దిమంది కలిసి గనిలో ఒక చోటు తవ్వుకునే పద్ధతి ఉండేది. మనుషులను వాళ్లే ఎంచుకునేవాళ్లు, ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే మిగతావాళ్లు భారం పంచుకునేవాళ్లు. యంత్రాలు వచ్చాక పని ముక్కలైంది. ఒక షిఫ్టు కోస్తే ఇంకో షిఫ్టు ఎత్తేది, ఒకరి ముఖం ఒకరు చూసుకునే పనే లేదు. మెరుగైన యంత్రాలు పెట్టినా ఆశించినంత బొగ్గు రాలేదు, గైర్హాజరు పెరిగింది. ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ 1951లో రాసిన వ్యాసం దీని గురించే. బామ్‌ఫోర్త్ స్వయంగా గనిలో పనిచేసినవాడు.

2022లో జిల్లాలు విడిపోయినప్పుడు కర్నూలు నుంచి నంద్యాలకు, కడప నుంచి రాయచోటికి, అనంతపురం నుంచి పుట్టపర్తికి ఉద్యోగులను పంచారు. ఫైళ్లు పంచారు, కుర్చీలు పంచారు. ఏ బీరువాలో ఏ ఫైలు ఉందో చెప్పే మనిషి ఒకచోట, ఆ ఫైలు ఇంకోచోట అయ్యారు. బిడ్డకు జ్వరమని ఫోను వస్తే "నువ్వు పో, నేను చూసుకుంటా" అనే పక్కసీటు మనిషి లేకుండా పోయాడు. ఆ మాట ఏ ఉద్యోగ వివరణలోనూ ఉండదు, కానీ ఆఫీసు నడిచేది దాని మీదే. బదిలీలు చేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: వీలైనచోట ఇద్దరు ముగ్గురిని కలిపి పంపండి. ఒంటరిగా పడినవాళ్లు మధ్యాహ్నం డబ్బా సీటు దగ్గర తినడం మానాలి. కొత్తచోట మొదటి పరిచయం అన్నం దగ్గరే అవుతుంది.

ఇన్నేళ్ల సర్వీసు, ఒక్క తప్పు లేదు. కొత్త సాఫ్ట్‌వేరు వచ్చినాక రోజూ తప్పులే. వయసైపోయిందా?

కాదు. చేతికి అలవాటైన పనిని మళ్లీ బుర్ర పెట్టి చేయాల్సి వచ్చినప్పుడు ఎవరికైనా వేగం పడిపోతుంది. అనుభవం ఎక్కువ ఉన్నవాళ్లకు పాత అలవాటే అడ్డం వస్తుంది, కొత్త పిల్లలకు ఆ బెడద లేదు. తప్పు ఎక్కడంటే, మారిన మొదటి నెలలోనే పాత టార్గెట్టు పెట్టడంలో. మీ పక్కన కూర్చునే కుర్రవాణ్ణి "ఇది ఎట్ల చేస్తావు నాయనా" అని అడగడానికి మొహమాటపడొద్దు. అతనికి కస్టమరుతో మాట్లాడే పద్ధతి మీ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంటుంది.

మా డిపార్ట్‌మెంటు సారు ఒకటి చెప్తాడు, ఎంపీడీవో సారు ఇంకొకటి చెప్తాడు. ఎవరి మాట వినాల?

సచివాలయాల నుంచి అన్నిటికంటే ఎక్కువగా వచ్చే చీటీ ఇది. ఇద్దరు బాసుల మధ్య నలగడం, పని ఎక్కువై నలగడంకంటే వేరు. ఎంత చేసినా ఒకరి దృష్టిలో చేయనట్టే. నోటిమాట మీద నడపొద్దు. ఇద్దరూ ఉండే గ్రూపులో "ఈ రోజు ఫలానా సర్వే, ఫలానా క్యాంపు రెండూ ఉన్నాయి, ఏది ముందు చేయమంటారు సార్" అని మర్యాదగా ఒక ముక్క రాయండి. తేల్చుకోవాల్సిన పని అప్పుడు వాళ్లిద్దరిదీ అవుతుంది. రోజు చివర చేసింది డైరీలో రెండు వరసలు రాసుకోండి.

కొంచెం ఒత్తిడి ఉంటేనే పని జరుగుతుంది కదా సార్?

ఈ మాటకు మూలం 1908లో యర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకలకు కరెంటు షాకులు ఇచ్చి చేసిన ప్రయోగం. తేలిక పని నేర్పేటప్పుడు షాకు పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. కష్టమైన పనికి మాత్రం షాకు ఒక స్థాయి దాటితే నేర్వడం మందగించింది. మొదటి సగం మాత్రమే మేనేజర్లకు గుర్తుంటుంది. కొత్త పద్ధతి నేర్చుకోవడం కష్టమైన పనే, కాబట్టి అరుపులు తగ్గించాల్సిన కాలం సరిగ్గా అదే.

## గ్రూపుల సంగతి

మా దగ్గర కొంచెం ఎక్కువ పని చేస్తే తోటివాళ్లే ఊరుకోరు. ఇది మన సీమలోనే ఉండే జబ్బా?

కానే కాదు. షికాగో పక్కన హాథోర్న్ ఫ్యాక్టరీలో 1931, 1932లలో 14 మంది మగ కార్మికులను ఒక గదిలో పెట్టి, వాళ్ల పని తీరును మూలన కూర్చుని రాసుకున్నారు. టెలిఫోన్ పరికరాలకు వైర్లు చుట్టే పని. జట్టు మొత్తం ఎంత చేస్తే అంత ఎక్కువ డబ్బు వచ్చే ఏర్పాటు ఉన్నా, రోజుకు ఇంత చాలు అని వాళ్లలో వాళ్లే ఒక కొలత పెట్టుకున్నారు. దాటినవాడి భుజం మీద ఒక గుద్దు గుద్దేవాళ్లు. మరీ తక్కువ చేసినవాడికీ చీవాట్లే. పై ఆఫీసరుకు చాడీలు మోసినవాడిని దగ్గరకు రానిచ్చేవాళ్లు కాదు.

వాళ్లది సోమరితనం అనుకుంటే పొరపాటు. ఎక్కువ చేసి చూపిస్తే రేపు రేటు తగ్గిస్తారని, లేదా కొందరిని తీసేస్తారని వాళ్ల భయం. మీ దగ్గరా అదే ఉంటుంది. "ఈ నెల ఇంత చేస్తే వచ్చే నెల టార్గెట్టు పెంచము" అని యాజమాన్యం మాట ఇచ్చి నిలబెట్టుకున్నచోట ఆ కొలత నెమ్మదిగా పైకి జరుగుతుంది. మాట తప్పితే మాత్రం జన్మలో జరగదు.

పది మందికి కలిపి పని ఇస్తే ఇద్దరే చేస్తారు, మిగతావాళ్లు చూస్తారు. ఏం చేయాల?

పది మందికి కలిపి ఇవ్వకండి. ఫ్రెంచి ఇంజనీరు రింగెల్‌మన్ వందేళ్ల కిందటే తాడు లాగించి చూశాడు. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గింది. ముగ్గురు నలుగురి చొప్పున విడగొట్టి, ఎవరి ముక్క ఎవరిదో పేరు రాసి గోడకు పెట్టండి.

మా ఆఫీసులో రెండు గ్రూపులు. కొత్తగా చేరినా. ఎటూ పోకుంటే గోడ మీద పిల్లి అంటున్నారు.

అననివ్వండి. మన పల్లెల్లో పార్టీలు చూసి పెరిగినవాళ్లం, "నువ్వు ఎవరి మనిషివి" అన్న ప్రశ్న ఆఫీసులోనూ సులభంగా నోటికొస్తుంది. ఎవరితో టీ తాగినావన్నదీ లెక్కలోకి వస్తుంది. మీరు చేయగలిగింది: పని విషయంలో రెండువైపులా అడగండి, రెండువైపులా సాయం చేయండి, ఒకవైపు విన్న మాట ఇంకోవైపు మోయకండి. ఆరు నెలలు ఇలా ఉంటే రెండు గ్రూపులూ తమకు అవసరమైనప్పుడు మీ దగ్గరికే వస్తాయి. మొదటి నెలలు కష్టంగానే ఉంటాయి, అది దాచను.

రెండు సంస్థలు కలిపినారు. ఇంకా "మావాళ్లు, మీవాళ్లు" పోలేదు. ఎప్పుడు పోతుంది?

విందులతో పోదు. కడప కేంద్రంగా పనిచేసిన ప్రగతి గ్రామీణ బ్యాంకు 2006లో రాయలసీమ, శ్రీ అనంత, పినాకిని బ్యాంకులు కలిసి ఏర్పడింది. 2025లో ఆ ప్రగతి కూడా రాష్ట్రమంతటికీ ఒక్కటైన బ్యాంకులో కలిసిపోయింది. అంటే ఒకే సర్వీసులో రెండు విలీనాలు చూసినవాళ్లు మన మధ్య ఉన్నారు. ఏ విలీనంలోనైనా సీనియారిటీ లిస్టు, ప్రమోషను, పోస్టింగు తేలేదాకా మనసులు కుదుటపడవు, అది న్యాయమైన ఆందోళనే. అవి బహిరంగంగా, త్వరగా తేల్చాలి.

రెండోది, ఇద్దరూ కలిస్తే తప్ప జరగని పని ఇవ్వాలి. 1954లో ముజఫర్ షెరీఫ్ అమెరికాలో ఒక వేసవి శిబిరంలో పిల్లలను రెండు జట్లు చేసి పోటీ పెడితే వాళ్లు బద్ధశత్రువులయ్యారు. కలిపి సినిమా చూపించినా, భోజనం పెట్టినా తగ్గలేదు. నీళ్ల ట్యాంకు పనిచేయనప్పుడు రెండు జట్లూ కలిసి బాగుచేయాల్సి రావడంతో పగ మెత్తబడడం మొదలైంది, అలాంటి పనులు ఇంకొన్ని వరసగా పడ్డాక స్నేహాలు కుదిరాయి. పాత బాకీల వసూలుకో ఆడిట్‌కో ఒక్కొక్క వైపునుంచి ఒక్కొక్కరిని జత చేసి పంపండి.

యూనియన్ ఉంటే టెన్షన్ తగ్గుతుందా, పెరుగుతుందా?

కబురు రెండువైపులా మోసే యూనియన్ తగ్గిస్తుంది. పక్క యూనియన్‌తో పోట్లాటే పనిగా పెట్టుకున్నది పెంచుతుంది. యూనియన్ లేకున్నా, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. యాజమాన్యం వైపు ఎందరో కార్మికుల వైపు అందరే, మొత్తం 10కి మించకూడదు, మహిళలకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటుండాలి. సమస్య వచ్చిన ఏడాదిలోపు అర్జీ ఇవ్వాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. మీ సంస్థలో ఆ కమిటీ సభ్యులెవరో అడిగి చూడండి, చాలాసార్లు హెచ్‌ఆర్ వాళ్లే తడబడతారు.

అసలు నిర్ణయాలు సాయంత్రం టీ బంకు దగ్గర అయిపోతాయి. ఆడవాళ్లం మాకెట్ల తెలుస్తుంది?

ఇది చిన్న ఫిర్యాదు కాదు. మార్పు సమయంలో సమాచారం అందనివాళ్లకే ఒత్తిడి ఎక్కువ, బస్సు పట్టుకోవాలని ఐదున్నరకు బయల్దేరే మహిళలు అక్కడే నష్టపోతున్నారు. డ్యూటీలు, సీట్లు, ట్రైనింగు పేర్లు ఆఫీసు వేళల్లో, నోటీసు బోర్డు మీదే తేలాలని నలుగురు కలిసి రాతపూర్వకంగా అడగండి. ఒక్కరు అడిగితే "ఆమె అంతే" అంటారు. వ్యవహారం వేధింపుదాకా పోతే దారి వేరు: 10 మంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, నేరుగా అక్కడికే పోవచ్చు.

## నెలలు గడిచినా కుదురుకోకపోతే

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాల?

రెండు వారాలకు పైగా నిద్ర లేకపోవడం, ఆకలి పోవడం, ఇంట్లోవాళ్ల మీద ఊరికే విరుచుకుపడడం, ఆఫీసు గేటు చూడగానే గుండె దడ ఉంటే ఆగొద్దు. ముందు బీపీ, షుగరు చూపించుకోండి. "ఇదంతా టెన్షనే" అనుకుని గుండె నొప్పిని తోసేసే వాళ్లున్నారు, ఆ పని చేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి ఆసుపత్రికి పోవాలి.

మా సెక్షన్‌లో ఒకన్న పూర్తిగా మారిపోయినాడు. ఎవరితో మాట్లాడడు. నేనేం చేయాల?

"ఏమైంది, ఎందుకిట్లున్నావు" అని నలుగురిలో అడగొద్దు. పక్కకు పిలిచి "అన్నా, ఈ నెల రోజులుగా అన్నానికి రావడం లేదు, నాకెందుకో మనసు ఒప్పుకోలేదు" అనండి. మీరు చూసింది చెప్పి ఊరుకోండి, సలహా ఇవ్వకండి. మొదటిసారి "ఏం లేదులే" అంటాడు. రెండు రోజులాగి మళ్లీ పలకరించండి.

యోగా క్లాసు పెట్టినారు. చాలదా?

యోగా మంచిదే. డ్యూటీ చార్టు ముందురోజు రాత్రి పదింటికి వాట్సాప్‌లో వేసే చోట మాత్రం, ముందు డ్యూటీ చార్టు సరిచేయాలి.

నేను చిన్న ఆఫీసరును. పైనుంచి వచ్చే ఆర్డరును ఆపలేను. నా చేతిలో ఏముంది?

చాలానే ఉంది. మార్పు చెప్పే రోజు, ఏవి మారవో కూడా చెప్పండి: జీతం తేదీ, వారపు సెలవు, ఎవరి సీటు ఎక్కడ. ఏళ్లుగా జంటగా పనిచేస్తున్నవాళ్లను విడదీయాల్సి వస్తే ముందు వాళ్లతో మాట్లాడండి. చార్టు వారం ముందే గోడకు అంటించండి. కొత్త యాప్ వచ్చాక కూడా పాత రిజిస్టరు రాయిస్తున్నారేమో చూడండి, చాలా ఆఫీసుల్లో పెరిగిన పని అదే. దాన్ని ఆపమని పైకి రాయండి. జవాబు వచ్చేదాకా, రిజిస్టరు రాసే బాధ్యత ఒక్కరి నెత్తిన పడకుండా వారానికొకరికి తిప్పండి.